విద్యుద్గిటారునకు హంబకరు పికప్పుల నెన్నుకొను విధము

ఈ కాలమున మన గోపాల్‌పేట వంటి చిన్న యూళ్ళలో సైతము విద్యుద్గిటారు వింత వస్తువు కాదు. ప్రార్థనామందిరముల గాయకబృందములందును, పెండ్లి వేడుకలందును, పాఠశాలల వార్షికోత్సవములందును ఇది హార్మోనియమునకును తబలాకును తోడుగా నిలుచుచున్నది. దీనిని చేతబట్టిన బాలురు కొన్ని మాసములు గడచునంతలోనే తలిదండ్రుల నొక కోరిక కోరుదురు: "దీని పికప్పులు మంచివి కావు, వీనిని తీసివేసి హంబకర్లు వేయింపవలెను." ఈ కోరిక న్యాయమైనదో కాదో తెలిసికొనుటకు తలిదండ్రులకు దారి లేదు. దుకాణదారుడు చెప్పినదే ప్రమాణ మగుచున్నది. వేరుసెనగ పంట యమ్మి తెచ్చిన సొమ్ములో కొంత ఇట్లు వ్యయమైన పిదప వాద్యము మునుపటివలెనే రొద చేయుచుండినచో బాలునకు నిరుత్సాహమును, తండ్రికి కోపమును మిగులును.

కావున పికప్పు అనగా నేమి, హంబకరు చేయు పని యేమి, దేనికొరకు దానిని మార్పవలెను, దేనికొరకు మార్పనక్కరలేదు అను సంగతులను మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియునట్లు వివరింప బూనితిమి. మొట్టమొదటనే మా యభిప్రాయమును చెప్పివేయుదుము. ఏ ధ్వని కావలెనో, ఇప్పటి లోప మెచ్చట నున్నదో ఈ రెండును నిర్ణయించుకొన్న తరువాతనే పికప్పునకు వెల యడుగవలెను. ఈ క్రమము తలక్రిందైన యెడల ఎంత వెలగల పికప్పైనను నిష్ప్రయోజనము.

పికప్పు అనగా నేమి?

మన పొరుగున నున్న నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంట వాస్తవ్యులును, పన్నెండు మెట్ల కిన్నెర వాయించుటలో ప్రసిద్ధులును నగు శ్రీ దర్శనం మొగిలయ్యగారికి 2022 సంవత్సరమున భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుద మొసంగినది. ఆ కిన్నెరను చూచినవారికి దాని క్రింద కట్టిన సొరకాయ బుర్రలు జ్ఞాపకముండును. తంత్రిని మీటినప్పుడు పుట్టు నాదము మిక్కిలి సన్ననిది. ఆ బుర్రలు దానిని గైకొని పెద్దదిగా జేసి మన చెవికి చేర్చును. బుర్ర మారిన కిన్నెర గొంతు మారును. వీణకు కుండయు నట్టిదే.

విద్యుద్గిటారునకు బుర్ర లేదు. దాని దేహము గట్టి కొయ్యపలక. తంత్రుల నాదమును గైకొనుటకు బుర్రకు బదులుగా నమర్చబడిన సాధనమే పికప్పు. దాని కూర్పు సులభమైనది. ఒక అయస్కాంతము, దాని చుట్టును వెండ్రుకవలె సన్నని రాగితీగతో వేలకొలది చుట్లు: ఇంతియే. పైనున్న ఉక్కు తంత్రి కదలునప్పుడు అయస్కాంతపు బలరేఖలు కదలును. బలరేఖలు కదలినప్పుడు తీగచుట్టలో విద్యుత్తు పుట్టును. ఈ సూత్రమును 1831 లో మైకేలు ఫారడే అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ప్రయోగపూర్వకముగా నిరూపించెను. మన పై తరగతుల విద్యార్థులు దీనిని విద్యుదయస్కాంత ప్రేరణ మను పేర చదువుచున్నారు. తంత్రి సెకనునకు నూరు మారులు కదలిన విద్యుత్తును నూరు మారులు అటునిటు ఊగును. ఆంప్లిఫయరు దానిని బలపరచి స్పీకరునకు పంపును.

దీనివలన రెండు విషయములు తేలుచున్నవి. ఒకటి: తంత్రులు ఇనుము గాని ఉక్కు గాని నికెలు గాని కలిగినవై యుండవలెను. నైలాను తంత్రులకు ఈ పికప్పు పలుకదు. కంచుతీగ చుట్టిన తంత్రులకు బలహీనముగా పలుకును. రెండు: పికప్పు వినునది గాలిలోని శబ్దమును గాదు, తంత్రి కదలికను మాత్రమే. అందుచేతనే సభలోని కోలాహలము దానిలోనికి చొరదు. అమెరికాలో జార్జి బోషాం అను నతడు రికెన్‌బాకరుతో గూడి 1931, 1932 సంవత్సరములలో ఇట్టి పికప్పుగల గిటారును సిద్ధపరచి విక్రయమునకు తెచ్చెను. అది ఒడిలో పెట్టుకొని వాయించు హవాయి గిటారు. గుండ్రని దేహమును పొడుగాటి మెడయు గలిగి పెనమువలె నుండుటచే జను లద్దానికి "వేపుడు పెనము" అని పేరు పెట్టిరి.

రొద యెచ్చటనుండి వచ్చును?

తంత్రి కదలికకు విద్యుత్తు పుట్టించు తీగచుట్ట, చుట్టుప్రక్కల కదలు ప్రతి అయస్కాంత బలమునకును విద్యుత్తు పుట్టించును. ఇదియే చిక్కు. మన యిండ్లకు వచ్చు కరెంటు సెకనునకు 50 మారులు అటునిటు ఊగుచుండును. ట్రాన్స్‌ఫార్మరు, ట్యూబులైటు చోకు, ఫ్యాను, బోరుబావి మోటారు వీని యన్నిటి చుట్టును ఆ లయతోనే అయస్కాంత బల మూగుచుండును. పికప్పు దానిని గ్రహించి 50, 100 మొదలగు కంపనములు గల గుంయిమను రొదను స్పీకరునకు చేర్చును. గిటారు ఆరవ తంత్రిపై మూడవ మెట్టున పలుకు స్వరము 98 కంపనములది. రొదలోని 100 కంపనముల నాదము దాని ప్రక్కనే కూర్చుండి శ్రుతి కలియని గొంతువలె బాధించును.

ఈ రొద నణచుటకు గిబ్సను సంస్థలో పని చేయుచుండిన సేత్ లవరు అను శిల్పి ఒక పికప్పును రచించి 1955 లో పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. 1959 లో పేటెంటు లభించెను. 1957 నుండియే ఆ పికప్పులు గిటార్లలో వెలువడినవి. ఆంగ్లమున రొదకు "హం" అని పేరు. దాని నెదిరించి త్రోసివేయునది "హంబకరు". నాడు ఆ పికప్పుల యడుగున "పేటెంటునకు దరఖాస్తు పెట్టబడినది" అని అచ్చువేసిన చిన్న చీటీ యంటించుచుండిరి. ఆ యాంగ్లపదముల మొదటి యక్షరములను బట్టి వానిని నేటికిని "పి.ఎ.ఎఫ్." లని పిలుచుచున్నారు.

హంబకరులో ఒకదాని ప్రక్క నొకటిగా రెండు తీగచుట్ట లుండును. రెండవ చుట్టలో అయస్కాంతపు ధ్రువము మొదటిదానికి వ్యతిరేకము. విద్యుత్తు తిరుగు దిశయు వ్యతిరేకము. ఇందలి యుపాయమును లెక్కగా చూపెదము. మొదటి చుట్టలో తంత్రి స్వరము ఒకటి, రొద ఒకటి అనుకొనుడు. రెండవ చుట్టలో తంత్రి స్వరము ధ్రువము మారినందున ఒకసారి తిరుగబడి, చుట్టు మారినందున మరల తిరుగబడి, మునుపటివలెనే ధనము ఒకటి యగును. రొదకు పికప్పులోని ధ్రువముతో పని లేదు. చుట్టు మారినందున మాత్రమే తిరుగబడి ఋణము ఒకటి యగును. రెండు చుట్టలను కలిపిన స్వరము రెండు, రొద సున్న. గణితములో ఋణసంఖ్య లెందులకని యడుగు బాలురకు ఇంతకన్న మంచి యుత్తరము లేదు.

ఈ నిశ్శబ్దమునకు కొంత వెల చెల్లింపవలసి యున్నది. ఒకే తంత్రిని రెండు తావులందు వినుటచేత సన్నని పై నాదములు కొన్ని పరస్పరము చెల్లిపోవును. కాన హంబకరు గొంతు ఒంటి చుట్ట పికప్పు గొంతుకంటె కొంత నిండుగను, కొంత మెత్తగను ఉండును. తళతళలాడు సన్నని నాదమే కావలెనను వారికి ఒంటి చుట్టయే తగును.

కొనుటకు ముందు చేయవలసిన పరీక్షలు

రొద యంతయు పికప్పునుండియే వచ్చు నని తలచుట పొరపాటు. అయస్కాంత బలమువలన వచ్చు రొదనే హంబకరు అణచగలదు. ఎర్తు లేని ప్లగ్గువలనను, తెగిన కేబులువలనను, పాడైన ఆంప్లిఫయరువలనను వచ్చు రొదను అది ముట్టుకొననైనను లేదు. కావున ఈ క్రింది పరీక్షలను వరుసగా చేయవలెను.

అన్నిటికంటె ముందుగా ఎర్తు. ఇది ధ్వని సంగతి కాదు, ప్రాణము సంగతి. గిటారు తంత్రులు కేబులు ద్వారా ఆంప్లిఫయరు ఎర్తునకు కలుపబడి యుండును. ఆంప్లిఫయరులో లోపముండి, గోడ ప్లగ్గులో ఎర్తు లేకున్నచో, ఇంటి కరెంటు 230 వోల్టులును తంత్రులమీదికి రావచ్చును. అట్టి గిటారు పట్టుకొని మైకును తాకినవాని దేహముగుండా కరెంటు ప్రవహించును. 1972 లో బ్రిటను దేశమున స్వాన్సీ నగరములో లెస్లీ హార్వే అను గిటారు వాద్యకారుడు వేదికమీద నిలిచి, ఎర్తు సరిగా లేని మైకును తాకి మరణించెను. రొద తగ్గునని మూడు ముళ్ల ప్లగ్గులో ఎర్తు ముల్లు విరిచివేయువారు కలరు. మా విద్యార్థు లెవ్వరును ఆ పని చేయరాదు, చేయువారిని చూచి యూరకుండరాదు. పెదవికి మైకు తగిలినప్పుడు జివ్వుమనిన యెడల వెంటనే స్విచ్చి కట్టివేసి, ఎలక్ట్రీషియనును పిలిపించి ఎర్తు పరీక్ష చేయింపవలెను. 30 మిల్లీ ఆంపియర్లకే తెగు ఆర్.సి.సి.బి. యను రక్షక స్విచ్చిని మందిరమునకు పెట్టించుట పికప్పుకన్న ముందు చేయవలసిన వ్యయము.

ఎర్తు సరిగా నున్నదని తేలిన పిదప రెండవ పరీక్ష. గిటారు వాల్యూమును సున్నకు త్రిప్పుడు. అప్పటికిని రొద తగ్గకున్నచో దోషము కేబులుదో ఆంప్లిఫయరుదో గాని పికప్పుది కాదు. కేబులును ఆంప్లిఫయరునుండి లాగివేసినను రొద నిలిచి యున్నచో దోషము ఆంప్లిఫయరుదే.

మూడవ పరీక్ష. వాల్యూమును హెచ్చించి, గిటారు పట్టుకొని కూర్చున్న చోటనే మెల్లగా నాలుగు దిక్కులకు తిరుగుడు. ఒక దిక్కున రొద హెచ్చి, మరియొక దిక్కున తగ్గినచో అది అయస్కాంత బలముచే వచ్చు రొద. దీనికి హంబకరు నిజమైన మందు.

నాలుగవ పరీక్ష. తంత్రులను చేత తాకినంతనే జరజర మను సన్నని రొద తగ్గినచో, గిటారు లోపలి గుంటకు కప్పు చాలలేదని యర్థము. ఆ గుంటకు రాగిరేకు అతికించి ఎర్తునకు కలిపిన యెడల అది చాలవరకు తగ్గును. దీనికి క్రొత్త పికప్పు అక్కరలేదు.

ఐదవది మన ప్రాంతమున తరచుగా గానవచ్చు లోపము. గిటారు కేబులును సభలలో వాడు మైకు ఆంప్లిఫయరు రంధ్రమున నేరుగా పెట్టుదురు. మైకు రంధ్రము ఆటంకము కొన్ని వేల ఓములు మాత్రమే. గిటారు పికప్పునకు సుమారు పది లక్షల ఓముల ఆటంకముగల రంధ్రము కావలెను. అది లేనిచో ధ్వని గొంగళి కప్పినట్లు మందమై బలహీనమగును. ఆ మాంద్యమును చూచి పికప్పును నిందించుట అన్యాయము. డి.ఐ. పెట్టె యను చిన్న సాధనమును నడుమ పెట్టినచో పాత పికప్పే క్రొత్త గొంతుతో పలుకును.

పికప్పు గుణములు

ఈ పరీక్షలన్నియు నైన పిదప గూడ మార్పు కావలెనని తోచిన యెడల దుకాణమునకు పోవచ్చును. గిటార్లకు మొదట అమర్చిన పికప్పులను తీసి వేరొకటి వేయు నాచారము 1972 లో లారీ డిమార్జియో అను నతడు "సూపర్ డిస్టార్షన్" అను పికప్పును విక్రయించుటతో బలపడినది. తరువాత 1976 లో సేమూర్ డంకను సంస్థ యేర్పడినది. నేడు హంబకర్లు వందల పేర్లతో అమ్ముడగుచున్నవి. పేర్లనుబట్టి గాక గుణములనుబట్టి యెన్నుకొనుట మేలు.

మొదటి గుణము చుట్ల సంఖ్య. పాత పి.ఎ.ఎఫ్. పద్ధతి పికప్పులో ఒక్కొక్క చుట్టకు సుమారు 5000 చుట్లుండును. అందలి తీగ మందము మిల్లీమీటరులో పదునారవ వంతు మాత్రమే. రెండు చుట్టలలోని తీగను విప్పి సాగదీసినచో కిలోమీటరునకు పైబడును. చుట్లు హెచ్చిన కొలది ధ్వని బలము హెచ్చును. కాని పై నాదములు తగ్గి గొంతు బరువెక్కును.

ఇది యేల యగునో లెక్కతో తెలిసికొనవచ్చును. ప్రతి పికప్పును కేబులుతో గూడి ఒక నిర్ణీత కంపనమువద్ద మిక్కిలి గట్టిగా పలుకును. దానికి పైనున్న నాదములు త్వరగా క్షీణించును. తీగచుట్ట ఇండక్టెన్సు 4.5 హెన్రీలు, ఆరు మీటర్ల కేబులు కెపాసిటెన్సు 600 పికోఫారడు లనుకొన్నచో ఆ శిఖరము సుమారు 3000 కంపనములవద్ద నుండును. చుట్లు హెచ్చి 8 హెన్రీలైన యెడల అది 2300 కు దిగును. ఇట్టి లెక్కయే మరియొక సంగతిని చెప్పుచున్నది. మొదటి పికప్పునే ఉంచి, కేబులును మూడు మీటర్లకు తగ్గించినచో శిఖరము సుమారు 4300 కు ఎక్కును. కనుక గొంతు తేటపడవలెనన్న ఒక్కొక్కప్పుడు పొట్టి కేబులే చాలును.

రెండవ గుణము అయస్కాంతము. అల్యూమినియము, నికెలు, కోబాల్టు మొదలగు లోహములను ఇనుముతో కలిపి చేయునది ఆల్నికో. ఈ జాతి లోహమునకు మూలమగు మిశ్రమమును 1931 లో జపాను శాస్త్రజ్ఞుడు తొకుషిచి మిషిమా కనుగొనెను. పికప్పులలో ఆల్నికో 2 మెత్తని గొంతు నిచ్చు ననియు, ఆల్నికో 5 బలమును తేటయు గలది యనియు వాద్యకారుల యనుభవము. సిరామిక్ అయస్కాంతము మట్టిపాత్రవలె పెళుసైనది, వెల తక్కువ, బల మెక్కువ. కరకుదనము కోరువారికి తగినది. వెల తక్కువ యగుటచే అది నాసి యని తలపరాదు. ప్రసిద్ధి కెక్కిన సూపర్ డిస్టార్షనులో నున్నది సిరామిక్కే.

మూడవది నిరోధము. దుకాణములలో "ఎన్ని కిలో ఓములు?" అని దీనినే యడుగుదురు. 7, 8 కిలో ఓములది సాధారణ బలము గలది. 13 కు పైబడినది మిక్కిలి బలము గలది యని స్థూలముగా చెప్పవచ్చును. అయినను సన్నని తీగ వాడినచో చుట్లు పెరుగకయే నిరోధము పెరుగును గనుక ఈ సంఖ్య నొక్కదానినే నమ్మరాదు. మరియు వేడిమికి రాగి నిరోధము పెరుగును. ఒక్కొక్క డిగ్రీకి నూటికి 0.39 వంతున. 20 డిగ్రీలవద్ద 8 కిలో ఓములు చూపిన పికప్పు మన వైశాఖమాసపు 40 డిగ్రీల యెండలో 8.6 చూపును. కాగితముమీద వ్రాసినదానికిని మీటరు చూపినదానికిని ఇంత భేదమున్నంతమాత్రమున మోసము జరిగినదని దుకాణదారుతో కలహింపబని లేదు.

నాలుగవది స్థానము. బ్రిడ్జి సమీపమున తంత్రి కొంచెము మాత్రమే ఊగును. మెడ సమీపమున విస్తారముగా ఊగును. అందుచే బ్రిడ్జివద్ద కొంత బలము గల పికప్పును, మెడవద్ద తక్కువ బలము గలదానిని వేయవలెను. రెంటికిని ఒకే బలమైన పికప్పులు వేసినచో మెడవైపుది అరచును, బ్రిడ్జివైపుది గొణుగును.

ఏ ధ్వని కావలెను?

ఈ ప్రశ్నకు ఉత్తరము వాద్యకారుని మనస్సులోనే కలదు. పాలకొల్లున 1969 లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్‌గారి నిట జ్ఞాపకము చేసికొనుట యుచితము. మేండలిను పాశ్చాత్య వాద్యము; దాని తంత్రిని మీటిన నాదము క్షణములో నశించును. కర్ణాటక సంగీతమునకు స్వరము నిలువవలెను, గమకము జారవలెను. శ్రీనివాస్‌గారు విద్యుత్ మేండలినును చేపట్టి, జంట తంత్రులకు బదులు ఐదు ఒంటి తంత్రులు గల వాద్యమును వాడి, ఆ సంగీతమును లోకమునకు వినిపించిరి. 1998 లో పద్మశ్రీ పొందిరి. 2014 లో దివంగతులైరి. మొదట వారి మనస్సులో రాగ ముండెను. ఆ రాగమునకు తగినట్లు వాద్యము మార్పబడినది. మా విద్యార్థులు గ్రహింపవలసిన దిదియే.

గాయకబృందముతో కీర్తనలకు సహకార వాద్యముగా వాయించువారికి మాటలను కప్పివేయని తేటగొంతు కావలెను. అట్టివారు 7 లేక 8 కిలో ఓముల ప్రాంతమున నుండి, ఆల్నికో 2 గాని 5 గాని కలిగిన పి.ఎ.ఎఫ్. పద్ధతి పికప్పును కోరుట మంచిది. సినిమా పాటలు, జానపదములు, కీర్తనలు అన్నియు వాయించువారు మెడవైపు అట్టిదానినే యుంచి, బ్రిడ్జివైపు 9 కిలో ఓముల ప్రాంతముది వేసికొనవచ్చును. చించుకొనిపోవు కరకుధ్వని కోరు రాక్ సంగీతమునకు 13 కు పైబడిన సిరామిక్ పికప్పు తగును. దీనిని చిన్న మందిరమున మెల్లని కీర్తనకు వాడినచో ఆంప్లిఫయరు త్వరగా చిట్లి, పాట వినబడక పికప్పే వినబడును. బలము ఎక్కువైనది శ్రేష్ఠమైనదనుట, మిరపకాయ ఎక్కువైన కూర రుచియైనదనుట వంటిది.

లోపల 9 వోల్టుల బ్యాటరీతో నడుచు యాక్టివ్ పికప్పులును కలవు. అవి మిక్కిలి నిశ్శబ్దముగా పలుకును. కాని ఆదివారమునాడు పాట నడుమ బ్యాటరీ అయిపోయినచో వాద్యము మూగబోవును. వాని వాల్యూము సాధనములు సైతము వేరు. సాధారణముగా 25 కిలో ఓములవి. కనుక పాత సాధనముల నన్నిటిని మార్పవలసివచ్చును.

అమర్చుటలో జాగ్రత్తలు

పికప్పు కొనకముందే గిటారు విప్పి గుంట కొలిచి చూడవలెను. ఒంటి చుట్ట పికప్పునకు చెక్కిన సన్నని గుంటలో పూర్తి హంబకరు పట్టదు. కొయ్య తొలచుట యిష్టము లేనివారికి, ఒంటి చుట్ట పరిమాణములోనే రెండు చుట్ట లిమిడ్చిన హంబకర్లు లభించును. బ్రిడ్జివద్ద మొదటి తంత్రినుండి ఆరవ తంత్రికి గల దూరము కొన్ని గిటార్లలో సుమారు 50 మిల్లీమీటర్లు, కొన్నిటిలో 52, 53. పికప్పు మీది ఉక్కు మరలు తంత్రుల క్రిందికి వచ్చునట్లు చూచి యెన్నుకొనవలెను.

పికప్పునుండి వచ్చు తీగలు రెండు రకములు. పాత పద్ధతిలో లోపల నొక తీగ, దానిపై అల్లిన ఎర్తు కవచము. క్రొత్త పద్ధతిలో నాలుగు రంగుల తీగలు, ఒక ఎర్తు తీగ. వెల కొంచెము హెచ్చైనను నాలుగు తీగలదే మా సలహా. రెండు పికప్పులను కలిపి వాయించినప్పుడు గొంతు ముక్కుతో పలికినట్లు సన్నగిల్లిన యెడల, ఒకటి రెండవదానికి వ్యతిరేకముగా పలుకుచున్నదని యర్థము. నాలుగు తీగలదైనచో రెండు కొనలను తారుమారు చేసిన చాలును. అల్లిక కవచము గలదానిలో అట్లు చేయరాదు. చేసినచో లోహపు కవచమంతయు స్వరము మోయు తీగయై, చేయి తగిలినంతనే రొద చేయును. ఒక్కొక్క తయారీదారుడు ఒక్కొక్క రంగుల క్రమము నవలంబించును గనుక పెట్టెలో వచ్చిన పటమును పారవేయక దాచవలెను.

హంబకర్లకు 500 కిలో ఓముల వాల్యూము సాధనము వాడుట వాడుక. ఒంటి చుట్టలకు 250 ది. 250 దానితో హంబకరు మరికొంత మందముగా పలుకును. గొంతు మరీ కరకుగా నున్నదనువారు ముందు దీనిని మార్చి చూడవచ్చును, వ్యయము స్వల్పము. ఇట్టి సామానులు హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల దొరకును.

టంకము పెట్టు పని కంసాలి పనివంటిది. వేడిమి, శుభ్రత, ఓర్పు మూడును కావలెను. పాత సంధులను ఫోటో తీసికొని గాని పటము గీసికొని గాని తరువాతనే ఊడదీయవలెను. కడ్డీని వాల్యూము సాధనముపై చాలసేపు నిలిపినచో అది మాడిపోవును. సీసము గల టంకముతో పని చేసినవారు చేతులు కడుగుకొనకయే అన్నము ముట్టరాదు. ఈ పని తెలియని బాలు రొంటరిగా చేయక, రేడియో, టీవీ మరమ్మతు తెలిసినవారిచేతగాని, పాలిటెక్నిక్కులో విద్యుచ్ఛాస్త్రము చదువుచున్న అన్నలచేతగాని చేయించుకొని ప్రక్కన కూర్చుండి చూచి నేర్చుకొనవలెను.

అమర్చిన పిదప చివరి పని ఎత్తు సరిచేయుట. తంత్రిని చివరి మెట్టున నొక్కి పట్టి, తంత్రికిని పికప్పునకును నడుమ రెండు మిల్లీమీటర్ల ప్రాంతము సందు ఉంచి, అచ్చటినుండి చెవి చెప్పినట్లు మరలను త్రిప్పవలెను. మరీ దగ్గరైనచో ధ్వని బలపడును గాని అయస్కాంతము తంత్రిని లాగి స్వరమును చెడగొట్టును. దూరమైన కొలది ధ్వని తగ్గి తేటపడును. ఈ సవరణకు ఒక మరత్రిప్పుడు తప్ప వేరు వ్యయము లేదు. కాన క్రొత్త పికప్పు కొనకముందు పాతదానికే ఒకసారి ఎత్తు మార్చి వినవలెనని మా ప్రార్థన.

తలిదండ్రులకు మనవి

మేము చెప్పినదానిని వ్యయక్రమమున కూర్చినచో ఇట్లుండును. మొదట ఎర్తు, తరువాత పికప్పు ఎత్తు, తరువాత క్రొత్త తంత్రులు, మంచి కేబులు, పిమ్మట డి.ఐ. పెట్టె, రాగిరేకు, కట్టకడపట హంబకరు. ఈ మెట్లెక్కి వచ్చి, "మాకు తేటయైన నిండుగొంతు కావలెను, రొద గిటారు త్రిప్పినప్పుడు మారుచున్నది, గుంట కొలత యిది" యని చెప్పగల బాలుని కోరికను కాదనవలదు. వాడు వస్తువును కోరుట లేదు, తన చెవిని నమ్ముకొని మాటలాడుచున్నాడు. ఆ చెవిని సంపాదించుటయే సంగీతవిద్యలో సగము. "ఫలానావాడు వేసికొన్నాడు గనుక నాకును కావలె" నను బాలునకు మాత్రము, కోప్పడక, పై పరీక్షలను చేసి ఫలితములను కాగితముమీద వ్రాసి తెమ్మని చెప్పుడు. వానిలో ననేకులు ఆ కాగితము నిండునప్పటికి తమ రొద యెచ్చటిదో తామే కనుగొందురు. పెక్కురకు సొమ్ముతో పనియే యుండదు. మిగిలినవారికి సొమ్ము వ్యర్థము కాదు.